బ్లాష్కా గారి గాజు పూలు

ఇండియా నుంచి ఎవరు వచ్చినా మా ఇంట్లో ఒక రివాజు ఉంది. మొదటి శనివారం గుడి, రెండో వారం నయాగరా, ఆ తర్వాత బోస్టన్ చుట్టుపక్కల. హార్వర్డ్ అంటే చాలామందికి ఆ విగ్రహం బూటు పట్టుకుని ఒక ఫోటో దిగడమే. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే వచ్చే నేచురల్ హిస్టరీ మ్యూజియంలోకి మాత్రం ఎవర్నీ తీసుకెళ్ళకుండా వదలను. మా అత్తగారు వచ్చినప్పుడూ అంతే చేశాను.

ఆవిడది పలాస పక్కన పల్లె. జీడితోటల మధ్య పెరిగిన మనిషి. అద్దాల పెట్టెలో ఉన్న జీడిమామిడి కొమ్మను చూసి, అంతదూరం నుంచి తెచ్చిన కొమ్మ ఇన్ని రోజులు వాడకుండా ఎలా ఉంచారమ్మా అని అడిగారు. అది కొమ్మ కాదు, గాజుతో చేసింది అంటే నమ్మలేదు. పక్కనే ఉన్న అరటినీ నమ్మలేదు. తన చేతి గాజులు ఒకసారి చూసుకుని, ఈ గాజేనా అన్నారు. మన భాషలో చేతికి వేసుకునేదానికీ, అది తయారయ్యే సరుకుకూ ఒకటే పేరు కదా. అవునన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ఎవరు చేశారు, ఎవరి తాలూకు అని.

ఆ రోజు కారులో నేను చెప్పిన జవాబు సగం సగంగా ఉంది. ఇది పూర్తి జవాబు.

చేసినవాళ్ళు ఇద్దరు, తండ్రీ కొడుకూ. తండ్రి లియోపోల్డ్ బ్లాష్కా. 1822లో ఉత్తర బొహీమియాలో పుట్టాడు. ఆ ఊరిని ఇప్పుడు చెస్కీ దుబ్ అంటారు, చెక్ దేశంలో ఉంది. గాజుపనికి ఆ ప్రాంతం పెట్టింది పేరు. బ్లాష్కాల కుటుంబం తరతరాలుగా గాజుతోనూ లోహంతోనూ పనిచేసి బతికినవాళ్ళు. కుర్రవాడికి బొమ్మలు వేయడం బాగా వచ్చు. ముందు బంగారం పని, రాళ్ళు సానపట్టే పని నేర్పించారు. ఆ తర్వాత ఇంటి వ్యాపారంలోకి వచ్చి గాజు నగలు, అలంకరణ వస్తువులు, గాజు కళ్ళు చేశాడు. కన్ను పోయినవాళ్ళకు పెట్టే కళ్ళు, బొమ్మలకు పెట్టే కళ్ళు. కంటిపాప రంగు, అందులోని సన్నని గీతలు సరిగ్గా రాకపోతే ఆ కన్ను ఎందుకూ పనికిరాదు. ఆ తర్వాత జీవితమంతా అతను చేసిన పనికి ఇదే బడి అని నాకనిపిస్తుంది.

1846లో పెళ్ళయింది. నాలుగేళ్ళకే, 1850లో, భార్య కలరాతో పోయింది. ఇంకో రెండేళ్ళకు తండ్రి పోయాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి, ఇల్లు ఖాళీ. 1853లో మనసు మళ్ళించుకోవడానికి అమెరికా వెళ్ళే ఓడ ఎక్కాడు. తెరచాపల ఓడ. అట్లాంటిక్ మధ్యలో, అజోర్స్ దీవుల దగ్గర, గాలి ఆగిపోయింది. రెండు వారాలు ఓడ కదల్లేదు.

ఆ రెండు వారాలే అతని జీవితాన్ని మార్చేశాయి. చేయడానికేమీ లేక నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. జెల్లీఫిష్‌లు కనిపించాయి. పగలు నీళ్ళలో నీళ్ళలా, రాత్రి వెలుగుతూ. మనలాంటివాళ్ళం చూస్తే అబ్బ అనుకుని ఊరుకుంటాం. గాజు పని చేసేవాడికి అవి గాజులా కనిపించాయి. వాటిని పట్టించి, పరీక్షించి, బొమ్మలు గీసుకున్నాడు. పదేళ్ళ దాకా ఆ బొమ్మలతో పని పడలేదు. అవి అలాగే ఉండిపోయాయి.

తిరిగి వచ్చాక 1854లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1857లో రుడాల్ఫ్ పుట్టాడు. ఒక్కడే కొడుకు. పొద్దంతా గాజు కళ్ళు, నగలు, ల్యాబుల్లో వాడే గాజు సామాన్లు చేసేవాడు. తీరిక దొరికితే, చుట్టుపక్కల పూసే పూలను చూసి గాజుతో చేసుకునేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు. ఆ ప్రాంతపు ప్రభువు కమిల్ ద రోహాన్‌కు మొక్కలంటే పిచ్చి. ఆయన కంట పడ్డాక, 1860 తర్వాత రెండేళ్ళలో ఆయన తోటలోని ఆర్కిడ్‌లకు సుమారు వంద గాజు నమూనాలు చేశాడు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కడుపు మాత్రం మెచ్చుకోలుతో నిండదు. చివరికి ఆ పూలు బెల్జియంలోని లియేజ్ మ్యూజియం చేరాయి. 1868లో అక్కడ నిప్పంటుకుని మొత్తం బూడిదయ్యాయి. ఈ రోజు వాటిలో ఒక్కటి కూడా లేదు.

పూలు అన్నం పెట్టలేదు కానీ ఆ పూల వల్లే ఒక తలుపు తెరుచుకుంది. డ్రెస్డెన్ మ్యూజియం డైరెక్టర్ రైషెన్‌బాఖ్‌కు ఒక ఇబ్బంది ఉండేది. జువాలజీ చదివిన వాళ్ళకు తెలుసు, స్పిరిట్ సీసాలో పెట్టిన సముద్రపు జీవి ఎలా ఉంటుందో. నేను డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివాను. మా కాలేజీ ల్యాబులో సీ అనెమొనీ అని రాసిన సీసాలో ఉన్నది తెల్లగా ముడుచుకుపోయిన ఉల్లిపాయ ముక్కలా ఉండేది. సముద్రంలో అది పువ్వులా ఉంటుందంటే పుస్తకంలో చదివి నమ్మాం. రైషెన్‌బాఖ్ బాధ కూడా అదే. 1863లో ఆయన బ్లాష్కా చేత గాజు అనెమొనీలు చేయించుకున్నాడు. ఆ ఏడే కుటుంబం డ్రెస్డెన్‌కు మారింది. మొదట్లో ఇంగ్లండు ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంలోని బొమ్మలు చూసి చేసేవాడు. తర్వాత్తర్వాత ఇంట్లోనే అక్వేరియం పెట్టి బతికున్న ప్రాణులను చూసి చేశాడు. ఓడ మీద గీసుకున్న జెల్లీఫిష్ బొమ్మలకు అప్పుడు పని పడింది. ఆక్టోపస్‌లు, నత్తలు, సముద్రపు పురుగులు, కొన్ని వందల రకాలు. కేటలాగు వేసి పోస్టులో ఆర్డర్లు తీసుకున్నారు. లండన్, డబ్లిన్, అమెరికా యూనివర్సిటీలు కొనుక్కున్నాయి. 1870ల నుంచి రుడాల్ఫ్ కూడా తండ్రి పక్కన కూర్చున్నాడు. నలభై ఏళ్ళు దాటాక లియోపోల్డ్‌కు డబ్బు ఇబ్బంది తీరింది.

వాళ్ళు పని ఎలా చేసేవారో చెప్పకపోతే ఈ కథలో సగం పోతుంది. పెద్ద కొలిమి ఏమీ లేదు. చెక్క బల్ల. దాని మీద ఒక దీపం. బల్ల కింద కాలితో తొక్కే తిత్తి, ఆ గాలి తగిలి దీపం మంట సన్నగా వేడిగా పక్కకు వంగుతుంది. గాజు కడ్డీని, గాజు గొట్టాన్ని ఆ మంటలో మెత్తబరిచి, పట్టకార్లతో లాగి, నొక్కి, ఊది ఆకారం తేవాలి. కాండం లోపల తీగ. కొన్ని భాగాలు వేడి మీదే అతికిస్తారు, కొన్నింటిని జిగురుతో. పైన రంగు. బొహీమియాలో పూసలు చేసేవాళ్ళు, నగలు చేసేవాళ్ళు తరతరాలుగా ఇలాగే చేస్తున్నారు. పనిముట్లలో కొత్తదేమీ లేదు.

ఆ పాత పనితో వాళ్ళు చేయబూనినదే కొత్తది. నగ చేసేవాడికి పువ్వు అందంగా ఉంటే చాలు, కేసరాలు ఐదున్నాయా ఆరున్నాయా అని ఎవరూ లెక్కపెట్టరు. వీళ్ళు లెక్కపెట్టారు. ప్రతి కొత్త జాతీ ఒక కొత్త చిక్కే. నూగు ఉన్న ఆకు ఎలా చేయాలి? తామరాకు మీది మెరుపు వేరు, బంతి ఆకు మీది మెరుపు వేరు. ప్రతిదానికీ గాజులోనో రంగులోనో ఏదో ఒకటి మార్చి చూడాలి, పాడైతే మళ్ళీ చేయాలి. ప్రయోగం అంటే మన సైన్సు వాళ్ళకు తెల్లకోటు గుర్తొస్తుంది కానీ, ఆ ఇంటి బల్ల మీద జరిగింది కూడా అదే.

1886లో హార్వర్డ్ నుంచి ప్రొఫెసర్ జార్జ్ లింకన్ గుడేల్ వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. బోటానికల్ మ్యూజియం కట్టే పనిలో ఉన్నాడు. మొక్కల్ని ఏ రూపంలో చూపించాలో తేలడం లేదు. ఎండబెట్టి కాగితానికి అతికిస్తే హెర్బేరియం అవుతుంది కానీ రంగూ రూపూ పోతాయి. మైనంతో, కాగితపు గుజ్జుతో చేసినవి మోటుగా ఉన్నాయి. హార్వర్డ్‌లోనే జువాలజీ మ్యూజియంలో బ్లాష్కా చేసిన సముద్రపు జీవుల్ని చూసి, ఇతనే చేయాలి అనుకుని జర్మనీ దాకా వెళ్ళాడు.

లియోపోల్డ్ వెంటనే ఒప్పుకోలేదు. నేనైనా ఒప్పుకోను. అరవై నాలుగేళ్ళ వయసు. వ్యాపారం నడుస్తోంది. పూలు చేసి ఒకసారి చెయ్యి కాల్చుకున్నాడు. ఆ చేసినవి కూడా కాలిపోయాయి. మొహమాటానికి కొన్ని నమూనాలు చేసి పంపడానికి ఒప్పుకున్నాడు. అవి న్యూయార్క్ కస్టమ్స్ వాళ్ళ తనిఖీలో విరిగిపోయాయి. విరిగిన ముక్కల్ని చూసే హార్వర్డ్ వాళ్ళు ఇవే కావాలన్నారు. గుడేల్ దగ్గర చదువుకున్న మేరీ లీ వేర్, ఆమె తల్లి ఎలిజబెత్ వేర్ ఖర్చు పెట్టడానికి ముందుకొచ్చారు. కాలం చేసిన డాక్టర్ చార్లెస్ ఎలియట్ వేర్ పేరు మీద. ఎలిజబెత్‌కు ఆయన భర్త, మేరీకి తండ్రి. ఈ ఆడవాళ్ళిద్దరి పేర్లు మ్యూజియం బోర్డు మీద ఉంటాయి, వెళ్ళినప్పుడు ఆగి చదవండి.

మొదట సగం రోజు హార్వర్డ్ పని, సగం రోజు సముద్రపు జీవులు అనే ఏర్పాటు. అది కుదరలేదు. రెండు పడవల మీద కాళ్ళు పెడితే పని సాగదని తండ్రీకొడుకులిద్దరికీ తెలిసింది. 1890లో పదేళ్ళ ఒప్పందం రాసుకున్నారు. ఏడాదికి 8,800 మార్కులు. చేసినవన్నీ హార్వర్డ్‌కే, ఇంకెవరికీ ఏమీ చేయకూడదు. ముప్ఫై ఏళ్ళ కింద తీరిక వేళల్లో, ఎవరూ కొనకపోయినా చేసుకున్న పనే ఇప్పుడు జీతమిచ్చే పని అయింది.

కస్టమ్స్ గొడవ తర్వాత పెట్టెలు కట్టే పద్ధతి మార్చారు. ఒక్కో పువ్వునూ అట్టకు తీగతో కట్టి, పల్చటి కాగితం చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెల్ని గడ్డి కూరిన చెక్కపెట్టెలో పెట్టి, పైన గోనె చుట్టి. ఆవకాయ జాడీలు సర్దే మన అమ్మలు గుర్తొచ్చారు నాకు. ఆ పెట్టెలను రేవులో విప్పకుండా, మ్యూజియంలోనే కస్టమ్స్ ఉద్యోగి ఎదురుగా విప్పేవారు.

ఇంత పని ఇద్దరే చేస్తున్నారంటే జనం నమ్మలేదు. ఏదో రహస్య యంత్రం ఉందని, గాజును పిండిలా మెత్తబరిచే మందేదో కనిపెట్టారని పుకారు పుట్టింది. లియోపోల్డ్ దీనికి చాలా బాధపడ్డాడు. మేరీ వేర్‌కు రాసిన ఉత్తరంలో, రహస్యం ఏమీ లేదని, తమ చేతికి స్పర్శ తెలుసని, అది ఒక తరంలో వచ్చేది కాదని చెప్పుకున్నాడు. మంచి గాజు పనివాడు కావాలంటే ముందు గాజంటే ప్రాణమైన ముత్తాత ఉండాలి, అతనికి అలాంటి కొడుకు, వాడికి మళ్ళీ అలాంటి కొడుకు పుట్టాలి అన్నట్టు వివరించాడు. అప్పటికీ ప్రయత్నించి రాకపోతే తప్పు మనదే అని కూడా చేర్చాడు. నాకు ఈ మాట సగమే నచ్చుతుంది. తరాల విద్య నిజమే. మా అమ్మమ్మ చేతి అప్పడాల పిండి పాకం నాకు రాలేదు, కొలతలన్నీ రాసుకున్నా రాలేదు. అయితే ముత్తాతను వెతుక్కోలేని వాళ్ళ గతి ఏమిటి? బయటివాళ్ళెవరికీ ఆ ఇంట్లో పని నేర్పలేదు. శిష్యుడు లేడు. ఒకరికొకరే సహాయం.

కొడుకు కాళ్ళలో బలం ఉంది కాబట్టి తిరిగే పని అతనిది. 1892లో రుడాల్ఫ్ జమైకా, అమెరికా తిరిగి మొక్కలు చూసి, బొమ్మలు గీసి, రంగులు రాసుకుని, నమూనాలు పట్టుకెళ్ళాడు. మా అత్తగారు చూసిన అరటి, జీడిమామిడి లాంటి వేడి దేశాల మొక్కలకు ఆ ప్రయాణమే దారి. పనికొచ్చిందని 1895లో రెండోసారి అమెరికా వచ్చాడు. అతను ఇక్కడ ఉండగా జులైలో అక్కడ తండ్రి పోయాడు. లియోపోల్డ్‌కు 73 ఏళ్ళు. రుడాల్ఫ్‌కు 38.

ఇప్పుడు నా వయసూ అంతే. మా నాన్న పోయినప్పుడు నేను దోహా ఎయిర్‌పోర్టులో తర్వాతి విమానం కోసం కూర్చుని ఉన్నాను. ఫోను ఉన్న కాలం కాబట్టి అక్కడే తెలిసింది. ఇది చదివే వాళ్ళలో ఎంతమందికి ఇలాంటిది ఉంటుందో నాకు తెలుసు, కాబట్టి ఇంకేమీ రాయను.

రుడాల్ఫ్ తిరిగి వెళ్ళి అదే బల్ల ముందు కూర్చున్నాడు. ఇంకా నలభై ఒక్క ఏళ్ళు, ఒక్కడే. పనిలో వేగం తగ్గింది. బజారులో దొరికే గాజు అతనికి నచ్చలేదు, కొంతకాలానికి చెడిపోతోంది. దాంతో ముడిసరుకు నుంచి తన గాజు తానే కరిగించుకున్నాడు. పైన పూసే రంగు రాలిపోకుండా ఉండాలని, రంగు గాజునే పొడిచేసి పూత వేసి వేడికి అంటించే పద్ధతి పట్టాడు. తండ్రి కళాకారుడైతే కొడుకు రసాయన శాస్త్రవేత్త అని నేను కాస్త పక్షపాతంతో అంటాను. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది, ఆ తర్వాత మార్కుకు విలువే లేకుండా పోయింది. మేరీ వేర్ మాత్రం అతన్ని వదల్లేదు.

అరవై ఏడేళ్ళ వయసులో, 1924లో, అతను మొదలుపెట్టిన వరుస నాకు అన్నిటికన్నా ఇష్టం. కుళ్ళిన పళ్ళు. బూజు పట్టిన స్ట్రాబెర్రీ, తెగులు తగిలిన పియర్, ముడత పడిన పీచ్ ఆకు. 1932 దాకా అవే చేశాడు. ప్లాంట్ పాథాలజీ చదివిన వాళ్ళెవరైనా ఆ పెట్టె ముందు నుంచి కదల్లేరు. అందమైన పువ్వును గాజులో చేయడం ఒక ఎత్తు, బూజు నూగును గాజులో చేయడం ఇంకో ఎత్తు.

1936లో, 79 ఏళ్ళకు, పని ఆపాడు. 1939లో పోయాడు. పిల్లలు లేరు. లియోపోల్డ్ లెక్కలో ముత్తాత, తాత, తండ్రి, కొడుకు అని వచ్చిన గొలుసు అక్కడ తెగింది. లెక్క చూస్తే 780 జాతుల మొక్కలు, విడి భాగాలతో కలిపి సుమారు 4,300 నమూనాలు. యాభై ఏళ్ళ పని, రెండు జతల చేతులు.

సముద్రపు జీవుల కథ ఇంకో రకంగా ముగిసింది. నీళ్ళ అడుగున ఫోటోలు తీసే కాలం వచ్చాక వాటి అవసరం తీరిందని చాలాచోట్ల అటక ఎక్కించారు, కొన్ని పగిలాయి, కొన్ని పోయాయి. ఇథాకాలోని కార్నెల్ యూనివర్సిటీ 1885లో కొన్నవి కూడా మూలపడి, తర్వాత బయటపడ్డాయి. అక్కడి ప్రొఫెసర్ డ్రూ హార్వెల్ వాటిని బాగుచేయించి, ఆ గాజు జీవులకు సరిపోయే నిజం జీవులు ఇంకా సముద్రంలో ఉన్నాయా అని వెతుక్కుంటూ వెళ్ళారు. బ్లాష్కా బొమ్మల కాగితాలు న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు మ్యూజియం లైబ్రరీలో ఉన్నాయి. నయాగరా వెళ్ళేవాళ్ళు కొంచెం దారి తిప్పుకుంటే చాలు.

ఇంకొక్క మాట. ఈ కాలపు గాజు కళ గురించి రాసేవాళ్ళు 1962 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడు ఒహాయోలోని టొలీడోలో హార్వీ లిటిల్టన్ అనే ఆయన చిన్న కొలిమి పెట్టి, గాజు అంటే ఫ్యాక్టరీయే అక్కర్లేదు, కళాకారుడు ఒక్కడే తన గదిలో చేసుకోవచ్చు అని చూపించాడు. గొప్ప విషయమే. అయితే దానికి వందేళ్ళ ముందు డ్రెస్డెన్‌లో ఒకాయన ఇంట్లో బల్ల మీద దీపంతో ఆ పనే చేస్తున్నాడు. కళాకారుడిని అని మాత్రం చెప్పుకోలేదు, బిల్లులో నమూనాలు అని రాసుకున్నాడు. ఇప్పుడు దీపం మంట మీద పనిచేసే వాళ్ళు చాలామంది ఈ పూల ముందుకొచ్చి నిలబడతారు. ముత్తాత లేనివాళ్ళే అంతా.

పూలు కూడా ముసలివయ్యాయి. కొన్నింటి మీద గాజులోంచి లవణం ఊరి తెల్లటి పొర కడుతుంది, కొన్నింటికి జిగురు వదిలింది, బరువుగా అడుగులు వేస్తే అదిరిపోయేంత సున్నితం. ఒకసారి కొన్నింటిని వేరే ఊరి ప్రదర్శనకు తీసుకెళ్ళాల్సి వచ్చి, కుదుపు లేకుండా పోతుందని శవాలను తీసుకెళ్ళే బండి మాట్లాడారట. 2016లో గది మొత్తం బాగుచేసి మళ్ళీ తెరిచారు. మ్యూజియం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీద ఉంది. పిల్లల్ని తీసుకెళితే ముందే చెప్పండి, పెట్టెల మీద ఆనుకోకూడదు.

మా అత్తగారు వెళ్ళిపోయే ముందు రోజు బట్టలు సర్దుకుంటూ, ఆ రుడాల్ఫ్‌కు తండ్రి చివరి చూపు దక్కిందా అని అడిగారు. లేదన్నాను. చీర మడత పెట్టడం ఆపి, కొడుకు వచ్చేదాకా ఆ సగం చేసిన పువ్వు బల్ల మీదే ఉండి ఉంటుంది కదా అన్నారు.